నిమ్మచెట్టుకు భేది ఉప్పు

హోసూరు,
11 సెప్టెంబరు 1961

పుట్టమ్మా,

ఈడ మనుషులందరమూ బాగున్నాము. బాగాలేనిది ఒకటుంది. దాన్ని చివర్లో రాద్దామని రాగి పైరుతో మొదలుపెట్టి, వానల సంగతి, ఆవు ఈనిన సంగతి రాసేసరికి కాగితం నిండిపోయింది. ఆ కాగితం చించేసి ఇప్పుడు బాగాలేని దానితోనే మొదలుపెడుతున్నాను.

మీ అమ్మ నాటిన నిమ్మచెట్టు పసుపెక్కింది.

ఎండిపోయిందని కాదు. కొనల్లో కొత్త ఆకులు పచ్చగానే ఉన్నాయి. కింది కొమ్మల్లో ముదురాకులకే ఈ జబ్బు. ఆకులో ఈనెలు పచ్చగానే ఉంటాయి, వాటి సందులన్నీ పసుపు. పసుపు గుడ్డ మీద చేపముల్లు పరిచినట్టు ఉంటుంది. కొన్నాళ్ళకు ఆకు రాలిపోతుంది. ఈ ఏడాది పిందెలూ నిలవలేదు. కాబట్టి ఏటా నీకు పంపే ఊరగాయ ఈసారి లేదు. వదిన పిసినారిదైపోయిందని నువ్వు అనుకోకముందే కారణం చెప్పేస్తున్నాను.

నా వల్ల లోపమేమీ జరగలేదు. నీళ్ళు తప్పలేదు, పేడ ఎరువు తప్పలేదు. ఇంటి బూడిద గడప దాటకూడదని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తమ్మ చెప్పింది. అందుకని ప్రతి సోమవారం రెండు పొయ్యిల బూడిదా జల్లించి ఆ చెట్టు మొదట్లోనే పోస్తున్నాను. ఆమె పోయినాక కూడా ఒక్క సోమవారం మానలేదు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, మీ అన్న పట్టుపురుగులకు పెరట్లో గది కట్టించాలని పూనుకున్నాడు. మేస్త్రీ వచ్చి దారం పట్టి చూస్తే గోడ సరిగ్గా చెట్టు మీదుగా పోతుంది. మీ అన్న అన్నాడు: "ఉగాదికల్లా పూత పడితే గది జరుపుకుందాం. పడలేదంటే కొట్టేద్దాం. చచ్చిన చెట్టు కోసం గోడ వంకరగా కట్టించలేను." అనేసి నా ముఖం చూడకుండా కాళ్ళు కడుక్కోను పోయినాడు.

వచ్చే వారం రైతులకు సలహాలు చెప్పే వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు హనుమంతయ్య మన వీధికి వస్తాడంట. ఆయనకు ఆకు చూపిస్తాను.

ఈ ఉత్తరం అంజినప్ప చేతికి ఇస్తున్నాను. కెలమంగలంలో పట్టుగూళ్ళ బేరం చూసుకొని క్రిష్ణగిరికే వస్తాడంట. మనిషి వస్తుంటే స్టాంపు దండగ ఎందుకు?

పోయినేడు ఊరగాయ పంపిన జాడీ నీ దగ్గరే ఉంది. మూత అంచున పెచ్చు లేచిన పెద్ద జాడీ. జ్ఞాపకం చేస్తున్నాను, అంతే.

మీ వదిన
నంజమ్మ


(కార్డు)
హోసూరు,
19 సెప్టెంబరు 1961

పుట్టమ్మా,

పోయిన ఉత్తరంలో రాసిన జబ్బుకు మందు తెలిసింది. మీ ఆయన నాగేశప్ప మందుల అంగడి నుంచి భేది ఉప్పు రెండు కిలోలు పంపించు. నీళ్ళలో కలిపి విడతలుగా ఇవ్వాలి. పైన అంతా బాగానే ఉంది, కింది భాగమే పసుపెక్కింది. ఉగాదిలోపల బాగుకాకపోతే కష్టం. మీ అన్నకు చెప్పలేదు, చెబితే ఒప్పుకోడు. నువ్వూ చెప్పవద్దు. కార్డు నలుగురూ చదివేది కాబట్టి ఇంతకంటే రాయను. జాడీ.

నంజమ్మ


క్రిష్ణగిరి,
24 సెప్టెంబరు 1961

వదినా,

నీ కార్డు మెట్టు మీదనే నిలబడి మూడుసార్లు చదివినాను. పోయిన ఉత్తరం అంటావు, ఆ ఉత్తరం ఏదీ నాకు అందలేదు. కింది భాగం పసుపెక్కింది అంటావు. ఏ కింది భాగం? కాళ్ళా? కామెర్లా? ఉగాదిలోపల బాగుకాకపోతే కష్టమని రాసి, ఆ పక్కనే జాడీ అడిగినావు చూడు, నీ గుండె రాతితో చేసినారు వదినా.

చెబితే ఒప్పుకోడు అన్నావంటే జబ్బు అన్నకే. అన్న సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు అరికాల్లో తుమ్మముల్లు విరిగితే చీము పట్టేదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కడుపు బిగుసుకొని ఎన్నాళ్ళయిందో ఏమో.

ఈయనకు కార్డు చూపించినాను. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చదివినాడు.

"రెండు కిలోలా?"

"మా వదిన రాసిందంటే లెక్క తప్పదు."

"పుట్టమ్మా, రెండు కిలోల భేది ఉప్పంటే సర్కస్ మొత్తానికి సరిపోతుంది, ఏనుగులతో సహా. ముందు నాలుగు పొట్లాలు పంపుతా. ఒక్కొక్క పొట్లం గోరువెచ్చని నీళ్ళలో, పరగడుపున. అప్పటికీ కాకపోతే మనిషిని ఈడికి తీసుకురమ్మను."

పొట్లాలు ఈ ఉత్తరంలోనే పెట్టినాను. బొప్పాయి పెట్టు, రాగి ముద్ద తగ్గించు. ఇంకో సంగతి, కోప్పడవద్దు. అన్నకు చెప్పవద్దన్నావు, చెప్పలేదు. అక్కకు చెప్పవద్దని యాడా రాయలేదు కదా? కల్లావికి మనిషిని పంపినాను. లక్ష్మక్క ఆ పూటే మారియమ్మకు మొక్కుకొని, ఆముదం సీసా కట్టుకొని బస్సెక్కిందంట. ఈ ఉత్తరం కంటే ముందే ఆమె మీ ఇంట్లో ఉంటుంది.

ఏడుస్తూ,
పుట్టమ్మ


హోసూరు,
2 అక్టోబరు 1961

పుట్టమ్మా,

మీ అన్నకు కడుపులో ఏ జబ్బూ లేదు. రాళ్ళు తిని అరిగించుకుంటాడు. అంజినప్ప ఇంకా కెలమంగలం దాటలేదని ఇప్పుడు తెలిసింది. స్టాంపు మిగుల్చుకుందామని చూసిన నాకు మూడు పూటల గందరగోళం దక్కింది.

మీ అక్క వచ్చిన పూట సంగతి విను. మీ అన్న అరుగు మీద కూర్చొని గొడ్లకు తాడు పేనుతున్నాడు. ఆమె చెప్పులు కూడా విడవకుండా పోయి ఆయన కడుపు మీద చెయ్యి పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచిరా వెంకటరమణా?"

"ఏందక్కా ఎన్నాళ్ళు?"

"దాచొద్దప్పా. కడుపు రాయి మాదిరి ఉంది."

"పొద్దున ముద్ద తిన్నాను గదా, ఉండదా? నంజమ్మా! అక్కకు ఏమయిందో చూడు!"

"నాకు కాదురా, నీకు! కింద అంతా పసుపెక్కిందంటనే!"

మీ అన్న లేచి నిలబడి తన కాళ్ళు చూసుకున్నాడు. నేను వంటింట్లో నుంచి వచ్చేసరికి ఆమె ఒక చేత్తో ఆయన దవడ పట్టుకొని, ఇంకో చేత్తో ఆముదం సీసా మూత తీస్తూ ఉంది. ఇక దాచి లాభం లేదు. చెట్టు దగ్గరికి ఇద్దరినీ తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పినాను. నీకూ అదే చెబుతున్నాను.

హనుమంతయ్య ఆకు చూసీ చూడగానే చెప్పినాడు. ఆకుకు పచ్చదనం ఇచ్చేది మెగ్నీషియం అనే ధాతువంట. నేలలో అది చాలకపోతే చెట్టు ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి లేతాకులకు ఇచ్చుకుంటుందంట. అందుకే కింద పసుపు, పైన పచ్చ. ఇంట్లో పెద్దవాళ్ళు పస్తుండి పిల్లలకు పెట్టినట్టు. తరువాత ఆయన చెట్టు మొదట్లో మట్టి వేళ్ళతో నలిపి చూసి అడిగినాడు:

"బూడిద పోస్తారామ్మా?"

"ప్రతి సోమవారం, జల్లించి," అన్నాను. సంతోషంగానే చెప్పినాను.

"ఎన్నేండ్ల నుంచి?"

చెప్పినాను. ఆయన చేతిలోని మట్టి దులుపుకొని విడమరిచి చెప్పినాడు. బూడిద కొంచెమైతే మేలేనంట. అతిగా పోస్తే దాంట్లోని పొటాష్ వేరు దగ్గర గుంపు కట్టి మెగ్నీషియాన్ని లోపలికి పోనివ్వదంట. పెండ్లి పంక్తిలో ముందు కూర్చున్నవాళ్ళే పాయసం గిన్నె ఖాళీ చేసినట్టు. దానికి రెండే పనులు. బూడిద ఆపాలి, భేది ఉప్పు ఇవ్వాలి. ఆ ఉప్పులో ఉండేది మెగ్నీషియమేనంట. చెట్టు చుట్టూ కొమ్మల నీడ పడేచోట నాలుగు గుప్పెళ్ళు చల్లి నీళ్ళు పెట్టాలి. కిరోసిన్ డబ్బాడు నీళ్ళలో పావు కిలో కరిగించి, పొద్దు వాలినాక ఆకుల మీద చిలకరించాలి, పక్షానికి ఒకసారి.

మీ అన్న అంతా విన్నాడు. "మనుషులు కడుపు కడుక్కునే మందు మా అమ్మ చెట్టుకా? అమ్మ చెప్పిన బూడిద తప్పయిందా?" అన్నాడు. నేను జవాబు చెప్పకముందే, "నీ ఉప్పు నువ్వు పోసుకో. నాకేం?" అని తాడు పేనేదానికి పోయినాడు. పోయిన సోమవారం నుంచి బూడిద చెట్టుకు పోయడం లేదు. గడప దాటించకూడదు కాబట్టి పెరట్లో డ్రమ్ములో పోసి పెడుతున్నాను.

నీ నాలుగు పొట్లాలూ చెట్టుకే పోసినాను. మిగతాది పంపు. లక్ష్మక్క కల్లావికి పోతూ పోతూ ఆముదం వృథా కాకూడదని ఆవుకు తాపించి పోయింది.

నంజమ్మ


క్రిష్ణగిరి,
3 అక్టోబరు 1961

వదినా,

ఇప్పుడే అంజినప్ప వచ్చి నీ పాత ఉత్తరం ఇచ్చినాడు. పట్టుగూళ్ళ మూటలో పెట్టినాడంట, కంపు భరించలేక దండెం మీద ఆరేసి, దూరం నుంచి చదివినాను. ఆలస్యం ఎందుకయింది అంటే, "ధర కుదరలేదమ్మా, ఉత్తరమైతే చెడిపోదు గదా" అన్నాడు.

అయితే జబ్బు అన్నకు కాదు, అమ్మ చెట్టుకు! ముందు నవ్వినాను. తరువాత నవ్వు రాలేదు. అన్నకైతే ఆముదం ఉంది, చెట్టుకు ఎవరు తాపిస్తారు? వదినా, అమ్మ గుర్తుగా నాకు నగ లేదు, నట్రా లేదు. ఏటా ఆ జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసన ఒక్కటే నాకుండేది. అన్నను గోడ వంకరగా కట్టించమను. వంకర గోడలో పట్టుపురుగులు గూడు కట్టవా?

రెండు కిలోల ఉప్పూ నీ జాడీలోనే పోసి పంపుతున్నాను. జాడీని ఖాళీగా తిరిగి పంపకూడదని నీకు తెలుసు. ఇన్నాళ్ళూ పంపకపోయింది దాంట్లో పోసేదానికి తగినది దొరక్కనే. ఇప్పుడు దొరికింది.

ఇంకొకటి కూడా పంపుతున్నాను, బస్సు మీద వేయించినాను. మా ఇంటి బూడిద, ఒక గోతాం నిండా! పిడకల బూడిద, మెత్తగా జల్లించింది. ఇంటి బూడిద గడప దాటకూడదని అమ్మ చెప్పిన మాట నేనూ ఇన్నేండ్లు పాటించినాను. గోతాం బయటికి తీసేటప్పుడు కాలు తడబడింది. కానీ అమ్మ చెట్టు కోసమే కదా, అమ్మ ఏమీ అనుకోదులే. అంతా ఒకేసారి మొదట్లో పోసెయ్యి.

పుట్టమ్మ


హోసూరు,
20 అక్టోబరు 1961

పుట్టమ్మా,

నా ఉత్తరమూ నీ ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటుకొని పోయినాయి. బూడిద వద్దని నేను రాసిన ఉత్తరం నువ్వు చదివే పూటకు, నువ్వు పంపిన గోతాం మా వాకిట్లో దిగింది. కండక్టరు అడిగినాడు, "ఏముందమ్మా, ఇంత బరువుగా?" బూడిద అని చెప్పేదానికి నోరు రాలేదు. పిండి అన్నాను. నువ్వు గడప దాటించినావని నాకు కోపం లేదు. అది నువ్వు ఏ మనసుతో తీసినావో నాకు తెలుసు. గోతాం డ్రమ్ము పక్కన పెట్టినాను.

జాడీ సంగతి. అది చేరినప్పుడు నేను బావి దగ్గర ఉన్నాను. మీ అన్న అందుకొని, మూత తీసి, వదిన ఇంటికి ఆడబిడ్డ మంచి ఉప్పు పంపిందని వంటింట్లో ఉప్పు పోసుకునే మరిగె పక్కన పెట్టినాడు. మధ్యాహ్నం మజ్జిగలో తానే ఒక చెంచాడు వేసుకున్నాడు. గ్లాసు ఖాళీ చేసినాక, "ఈ ఉప్పు చేదుగా ఉందేమే?" అని అడిగినాడు. నేను జాడీ వైపు చూసినాను. ఆయన నా వైపు చూసినాడు. సందకాడ దాకా ఆయన పెరట్లోకి, ఇంట్లోకి తిరిగిన దారిలో గడ్డి కూడా అణిగిపోయింది. లక్ష్మక్క మొక్కు ఊరికే పోలేదని ఆమెకు రాయి.

ఇప్పుడు జాడీ మీద "చెట్టుకు" అని కాగితం అతికించినాను.

నిమ్మకు ఉప్పు చల్లినాను. అంత నమ్మకం కుదరక, వంగ మడిలోనూ పరీక్ష పెట్టినాను. వాటి కింది ఆకులకూ ఇదే పసుపుంది. ఒక సాలుకు ఉప్పునీళ్ళు, పక్క సాలుకు ఉత్త నీళ్ళు. ఉప్పు మంచిదైతే వంగ మొక్కలే ముందు చెబుతాయి.

నంజమ్మ


క్రిష్ణగిరి,
5 నవంబరు 1961

వదినా,

మజ్జిగ సంగతి చదివి ఈయన అంగడిలో తూకం మానేసి నవ్వినాడు. ఒకాయన దగ్గు మందుకు వచ్చి, ఈయన నవ్వు చూసి తానూ నవ్వి, దగ్గు ఎక్కువ చేసుకొని ఇంటికి పోయినాడు.

బూడిద పంపినందుకు నాకు సిగ్గుగా ఉంది. ఆపాలని హనుమంతయ్య చెప్పిన దాన్నే గోతాంతో మోయించినాను. చెట్టు ఎట్లుందో మాత్రం రాయి. మిగతాది ఏదీ రాయకపోయినా సరే.

పుట్టమ్మ


హోసూరు,
12 డిసెంబరు 1961

పుట్టమ్మా,

ఉప్పునీళ్ళు పోసిన వంగ సాలు పచ్చబడింది. పక్క సాలు అట్లే ఉంది. వీధిలో పోయేవాళ్ళు కూడా తేడా కనిపెడుతున్నారు. నిమ్మ మాత్రం కదలలేదు. చెట్టు పెద్దది, ఆలస్యమవుతుందిలే అనుకున్నాను. ఆకులు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

అప్పుడు డ్రమ్ము మీద చూపు పడింది. నేను వారం వారం పోస్తున్నా అది నిండడం లేదు. నీ గోతాం కూడా నడుం దాకా కుంగిపోయింది. గిన్నెలు తోమే పచ్చయమ్మను అడిగితే, "నాకు గుప్పెడు చాలమ్మా. నేనేమన్నా బూడిద తింటానా?" అని మూతి తిప్పుకొని గిన్నెలు ముందరేసుకుంది.

మొన్న తెల్లారేటప్పుడు పాలు పితకను లేచినాను. చెట్టు కింద మీ అన్న. తలకు తువ్వాలు చుట్టుకొని, నీ గోతాంలో చాట ముంచి, మొదట్లో పోసి, కాలితో మెత్తగా సర్దుతున్నాడు. నన్ను చూసి చాట వెనక దాచుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదే. గాలికి పడింది, సర్దుతున్నా."

"చాటతో సహా పడిందా?"

ఆయన చాట కింద పెట్టినాడు. "నువ్వు నీ ఉప్పు పోస్తున్నావు, నేనేమన్నా అన్నానా? అట్లే నేను అమ్మ బూడిద పోస్తున్నా. ఏదో ఒకటి పట్టదా?"

"కొట్టేస్తానన్న మనిషివి గదా?"

"అన్నాను. అంటే కొట్టేస్తానా? ఉగాది అని గడువు పెడితే నువ్వు ఇంకా బాగా చూసుకుంటావని అన్నాను." మళ్ళీ తానే, "పూత పడకపోతే మాత్రం కొట్టేదే. కండ్ల ముందర ఎండేది చూడలేను," అన్నాడు.

పుట్టమ్మా, నేను ఉప్పు ఇచ్చింది ఇచ్చినట్టే ఆయన బూడిద దాన్ని అడ్డుకుంటూ ఉంది. హనుమంతయ్య మాట చెప్పినాను. వంగ సాళ్ళు చూపించినాను. "వంగ వంగే, అది అమ్మ చెట్టు. ఇంటి బూడిద ఇంకెక్కడికి పోవాల?" అన్నాడు. పోయిన అత్తతో కోడలు వాదన పెట్టుకోలేదు. పెట్టుకున్నా గెలవకూడదు. మీరు ఆమె బిడ్డలు. బూడిద విషయం ఆమె నిజంగా ఏమని చెప్పిందో, ఎందుకు చెప్పిందో నీకేమైనా తెలుసా? తెలిస్తే ఆయనకే రాయి. ఉగాది ఎంతో దూరం లేదు.

నంజమ్మ


క్రిష్ణగిరి,
8 జనవరి 1962

వదినా,

నాకు తెలీదు. అమ్మ చెప్పింది, నేను చేసినాను. ఎందుకని అడిగే వయసొచ్చేసరికి అలవాటైపోయింది. అందుకని కల్లావికి పోయినాను. మా ముగ్గురిలో పెద్దది లక్ష్మక్కే, అమ్మ చేతి పని అంతా చూసింది ఆమే.

నేను పోయేసరికి పప్పు రుబ్బుతూ ఉంది. "అక్కా, ఇంటి బూడిద గడప దాటకూడదని అమ్మ ఎందుకు చెప్పింది? లక్ష్మి పోతుందనా?" అని అడిగినాను.

రోలు ఆపి నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"లక్ష్మా? వామి!"

"ఏం వామి?"

"మునివెంకటమ్మ వామి. పక్కింటామె. నువ్వప్పటికి పుట్టలేదు, తమ్ముడు చంకలో ఉన్నాడు. ఎండాకాలం. పొయ్యి బూడిద ఎవరో వీధిలో పారబోసినారు. లోపల నిప్పు ఆరలేదు. గాలి లేచింది. మునివెంకటమ్మ వామి మొత్తం కాలిపోయింది, గొడ్లకు గడ్డిపోచ మిగల్లేదు. మన వామిలో సగం ఆమెకు ఇచ్చింది అమ్మ. ఆ పొద్దు నుంచి, చల్లారేదాకా బూడిద గడప దాటకూడదు అని చెప్పింది."

"చల్లారేదాకా?"

"మరి? చల్లారినాక ఇంట్లో పెట్టుకొని పూజ చేస్తామా? వెనకింటి అంగాళమ్మ కూరగాయల మడికి మన అమ్మే గంపతో పంపేది. మీరు మొదటి ముక్క మర్చిపోయి మిగతాది పట్టుకున్నారా? ఇంతమంది, ఇన్నేండ్లు?"

వదినా, నేను గోతాం పంపినప్పుడు కాలు తడబడిందని రాసినాను గదా? అక్కకు అది చెబితే పప్పులో చెయ్యి పెట్టుకొని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

దీంతో పాటు అన్నకు వేరే కాగితం పెట్టినాను. ఆమె చెప్పింది, నేను రాసినాను, ఒక్క మాట మార్చలేదు: "వెంకటరమణా, అమ్మ చెప్పింది నిప్పు గురించి, చెట్టు గురించి కాదు. అమ్మ చెట్టును అమ్మ పేరు చెప్పి చంపొద్దు. నంజమ్మ చెప్పినట్టు విను. లేదంటే ఈసారి రెండు సీసాలు తెస్తా."

నువ్వు చదవకుండా మడిచి ఆయనకే ఇయ్యి. చదివేసినావని తెలుసు. అయినా ఇయ్యి.

పుట్టమ్మ


హోసూరు,
9 ఏప్రిల్ 1962

పుట్టమ్మా,

ఉగాది అయిపోయింది. ముందుగా నువ్వు అడిగేది చెబుతాను: పూత పడింది. చెట్టు నిండా కాదు. తూర్పు కొమ్మల్లో గుత్తులు గుత్తులుగా, మిగతా చోట్ల ఒకటీ అరా. కానీ పడింది. పెరట్లో నిలబడితే వాసన తెలుస్తుంది.

ఇప్పుడు వరసగా చెబుతాను. మీ అక్క కాగితం మీ అన్న అరుగు మీద చదివినాడు. ఒకసారి చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివినాడు. "నేను చంకలో ఉన్నానంట," అన్నాడు. మరునాడు పార తీసుకొని చెట్టు మొదట్లో బూడిద కలిసిన పైమట్టి అంతా వేర్లు తెగకుండా గీకి తీసినాడు. నేనూ పట్టినాను. ఆ చోట కొత్త మట్టి, పేడ ఎరువు వేసి, ఉప్పు చల్లి నీళ్ళు పెట్టినాము. ఆకుల మీద చిలకరించే పని కూడా ఇప్పుడు ఆయనదే. వేపకొమ్మలు కట్టగా కట్టి, డబ్బాలో ముంచి, పేరంటంలో పన్నీరు చల్లినట్టు చల్లుతాడు. సగం ఆయన మీదనే పడుతుంది. "నోట్లో పడనీయొద్దు" అంటే కోపం వస్తుంది.

పసుపెక్కిన పాత ఆకులు చాలా వరకు రాలినాయి. అవి తిరిగి పచ్చబడవని హనుమంతయ్య ముందే చెప్పినాడు. మాఘం వెళ్ళేటప్పటికి కొత్త చిగురు వచ్చింది. అది ముదిరినా పచ్చగానే నిలిచింది. కింది కొమ్మల్లో కూడా. రోజూ పాలు పితికినాక పోయి చూసేదాన్ని. నాకంటే ముందే ఆయన ఆడ ఉండేవాడు.

పండగ రెండోనాడు మేస్త్రీ దారం తీసుకొని వచ్చినాడు.

"ఏమప్పా, చెట్టు కొట్టించినారా?"

"నీ దారం అటు తిప్పు," అన్నాడు మీ అన్న.

"అటు తిప్పితే గోడ వంకర వస్తుందప్పా. చూసేవాళ్ళు నన్నే తిడతారు."

"పురుగులకు వంకర తెలీదులే."

నువ్వు రాసిన మాటే అది. నీ ఉత్తరం ఆయన చదివినాడని అప్పుడు తెలిసింది.

నంజమ్మ


హోసూరు,
17 సెప్టెంబరు 1962

పుట్టమ్మా,

ఈ ఉత్తరంతో జాడీ వస్తుంది. సగమే ఉంది, కాయలు అంతే వచ్చినాయి. నాలుగు కాయలు మాత్రం ఊరేయకుండా కల్లావికి పంపినాను, లక్ష్మక్క మారియమ్మకు మొక్కు చెల్లించుకోవాలంట. మొక్కు ఎవరి జబ్బుకో ఇప్పుడు ఆమెకూ సరిగ్గా తెలీదు. జాడీని ఉప్పు పోయేదాకా వేడినీళ్ళతో కడిగినాను, భయపడకుండా తిను. నాగేశప్పకు మాత్రం చెప్పవద్దు, కాసేపు భయపడనీ. అంజినప్ప క్రిష్ణగిరికే వస్తున్నాడు, అడిగినాడు కూడా. నేను బస్సు పార్సెలే కట్టించినాను.

గది లేచింది. గోడ చెట్టు దగ్గర మోచేయి మాదిరి వంగి పోతుంది. పట్టుపురుగులు లోపల బాగానే మేస్తున్నాయి.

బూడిద సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు సోమవారం సోమవారం పచ్చయమ్మ గంపకెత్తుకొని తీసుకుపోతుంది. వాళ్ళ వీధిలో గిన్నెలు తోమేదానికి సగం, మిగతాది చిక్కుడు పాదులకు తలా కొంచెం. ఆమె గంప ఎత్తుకొని వాకిట్లోకి వచ్చేసరికి మీ అన్న యాడున్నా లేచి వస్తాడు. గడప దగ్గర ఆమెను ఆపి, గంపలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు వరకు కెలికి చూస్తాడు.

"చల్లారిందప్పా, ఎన్నిసార్లు చెప్పాల?" అంటుంది ఆమె.

"ఊ," అంటాడు. బూడిద చెయ్యి దులుపుకొని, పక్కకు జరిగి, గడప దాటనిస్తాడు.

మీ వదిన
నంజమ్మ